పాట ఎన్నేండ్లది

చీర కొంగు లోపలివైపు మైకు గుచ్చి, దాని తీగను వీపు వెనక నుంచి తెచ్చి, నడుముకు ఒక నల్లటి డబ్బీ కట్టి, "ఇగ మీరు మామూలుగ ఉండుర్రి అమ్మా" అని సుహాసిని చెప్పిన దగ్గర నుంచీ ఇందిరమ్మకు మామూలుగా ఉండటం ఎట్లాగో తెలియకుండా పోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, కళ్లు ఎటు తిప్పాలి? హనుమకొండ పిల్ల, యూనివర్సిటీలో చదివిందట, పాటల మీద డాక్యుమెంటరీ తీస్తుందట, మంచిదే, తీసుకోనీ, ఎవరొద్దన్నారు. కానీ పొద్దున వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఒక్క వస్తువును కదిలించలేదు. అటు జరగండి ఇటు జరగండి అనలేదు. గోడ ఫ్యాను ఉంటే ఉండనీయమంది, టీవీ మీద కప్పిన ప్లాస్టిక్ కవరు తీస్తానంటే వద్దంది, నిన్నటి లుంగీ, రెండు జాకెట్లు వేలాడుతున్న దండెం ఇంటి నడుమ నుంచి పోతుంటే దాని కింద నుంచి వంగి నడిచిందే గానీ ముట్టుకోలేదు. ఇదేం సినిమా తీయడమమ్మా! సినిమా వాళ్లంటే ఇల్లు తలకిందులు చేయాలి, అది ఇందిరమ్మ కళ్లారా చూసిందే. ఏదీ ముట్టుకోని వాళ్లు ఏదో వెతకడానికి వచ్చినవాళ్లే అయి ఉంటారు. దొంగలు పడ్డ ఇంటికి పోలీసులు వచ్చినా అంతే కదా, దేన్నీ కదిలించొద్దు అంటారు, చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతారు, తిరిగి తిరిగి చివరకు ఇంటివాళ్ల మొహమే చూస్తారు.

గోడ అవతల సదానందం పవర్‌లూమ్ సాంచాలు దడదడ దడదడ కొట్టుకుంటూనే ఉన్నాయి. కొత్తవాడలో పుట్టి కొత్తవాడలోనే మెట్టిన ఇందిరమ్మకు ఆ మోత చెవికి ఆనదు, సాంచాలు ఆడుతుంటేనే మధ్యాహ్నం కునుకు పడుతుంది కూడా. కానీ ఇవాళ ప్రతి దెబ్బా వినపడుతోంది, ఎందుకంటే మూలన చాప మీద కూర్చున్న ప్రశాంత్ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మాటిమాటికీ తల అడ్డంగా ఊపుతున్నాడు. సౌండు చూసేది అతనేనట, కాజీపేటలో రైల్వే వాళ్లబ్బాయట, చర్చిలో పాడతాడట. సాంచాలు ఆగితే తప్ప పాట కుదరదు అన్నాడు. దానికేముంది, గోడ పక్కోడే కదా, పోయి జర ఆపమనండి అని ఇందిరమ్మే చెప్పింది. సుహాసిని నవ్వి, "వాళ్ల పని వాళ్లది గదమ్మా, మన కోసం ఎందుకు ఆపాలె? అన్నాలప్పుడు ఆపుతరు గదా, అప్పుడే పాడిపిద్దాం" అంది. అప్పుడు పడింది ఇందిరమ్మ గుండెలో రాయి. సదానందాన్ని అడగదట! ఎందుకు అడగదు? ముందే కలిసి అంతా చెప్పించుకుని, ఇప్పుడు ఎరగనట్టు నటిస్తోందా? నిన్న సాయంత్రం సదానందం ఇంటి ముందు ఎర్ర స్కూటీ ఒకటి ఆగి ఉంది. ఈ పిల్లదీ ఎర్ర స్కూటీయే. ఏమో, వాడలో ఎర్ర స్కూటీలు కరువా, సదానందం కోడలిది కూడా ఎరుపే కదా, కాదు కాదు, ఆమెది నీలం.

సదానందం నోరు విప్పితే అయిపోయినట్టే. ఆ పాట సంగతి ఈ లోకంలో ముగ్గురికే తెలుసు, అందులో ఒకాయన మర్చిపోయాడు. మర్చిపోయినాయన అదిగో, మగ్గం పక్కన పీట మీద గోడకు ఆనుకుని, పడిపోయిన ఎడమ చేయిని కుడి చేత్తో ఒళ్లో పెట్టుకుని, ఉతికిన తెల్లంగీ వేసుకుని, పెళ్లివారి కోసం చూస్తున్నట్టు కెమెరా వంక చూస్తున్నాడు. ఆమె పెనిమిటి సారయ్య. జంపఖానాలు నేసే కొత్తవాడ సారయ్య, మగ్గం పాట సారయ్య, ఎక్కడ మీటింగు జరిగినా పిలిచి శాలువా కప్పే సారయ్య. పాట పాడమంటే పాడతాడు, ఎవరు నేర్పారంటే మా తాత అంటాడు. తాత నేర్పలేదు. తాత పాట నేర్పడమేమిటి, మగ్గం మీద కూనిరాగం తీస్తే వీపు విమానం మోత మోగించేవాడు. జంపఖానా మగ్గం వెడల్పు మగ్గం, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి, ఇద్దరి దెబ్బా ఒక్కటిగా పడాలి, ఒకడు రాగం ఎత్తుకున్నాడంటే వాడి దెబ్బ సడలుతుంది, అక్కడ నేత వదులవుతుంది, షావుకారు పక్కకు విసిరేస్తాడు. అందుకని ఈ ఇంట్లో మగ్గం మీద పాట అన్నది లేనే లేదు. ఉన్నదల్లా ఆ జీపు వచ్చిన రోజు పుట్టింది.

ఆ జీపు, ఆ కళ్లద్దాల సారు. ఇంట్లోకి కొత్తగా టీవీ వచ్చిన రోజులవి, పెద్దకోడలు పురిటికి వెళ్లిందో రాలేదో, ఏదైతేనేం, చలికాలం. సారు వస్తూనే టీవీని బయట పెట్టించాడు. ఫ్యాను మీద గోనెపట్టా కప్పించాడు. క్యాలెండరు తీయించాడు. స్టీలు బిందెలు దాచమని, జీపులోంచి కొత్త మట్టికుండలు దింపించాడు, ఆ కుండల్లో నీళ్లు పోస్తే కారిపోయాయి కూడా. ఇందిరమ్మ ఇష్టపడి కట్టుకున్న నైలెక్స్ చీర మార్చుకోమన్నాడు, మార్చుకుంది. సారయ్యను అంగీ విప్పమన్నాడు. అంత చలిలో అంగీ ఎందుకు విప్పాలి సారూ అంటే, సహజంగా ఉంటుందన్నాడు. సదానందం సాంచాలు అప్పటికింకా లేవు, అప్పుడతను ఈ మగ్గం మీదే సారయ్యకు ఎడమ పక్కన కూర్చునేవాడు. వెనకింటి వాళ్లకు మాత్రం సాంచాలుండేవి, వాటిని పొద్దంతా ఆపించాడు. అన్నీ సర్ది, అందరినీ కూర్చోబెట్టి, ఇప్పుడు మగ్గం నేసేటప్పుడు పాడుకునే పాట పాడండి అన్నాడు. మగ్గం మీద పాడరు సారూ అన్నాడు సదానందం. అట్లా ఎట్లా, మీవాళ్లు వందల ఏళ్ల నుంచి పాడుకుంటూ వస్తున్నారు కదా అన్నాడు సారు. అలా అన్నది ఎవరో, ఎక్కడ రాసి ఉందో. లేదు సారూ అంటే ఆయన మొహం వాడిపోయింది, డ్రైవర్ని పిలిచి ఇంకే ఊరికి పోతే దొరుకుతుందని అడగడం మొదలుపెట్టాడు. అప్పుడు సారయ్య లేచాడు. "ఉన్నది సారూ. యాదికి తెచ్చుకోవాలె. ఒక్క బీడీ తాగొస్త."

పెరట్లో ఇందిరమ్మ గిన్నెలు తోముతోంది. బట్టలుతికే బండ మీద కూర్చుని బీడీ వెలిగించాడే గానీ తాగలేదు, అది వేళ్ల మధ్యనే కాలిపోయింది. పెదవులు ఆడుతున్నాయి, కుడిచేతి వేళ్లు బండ మీద మగ్గం దెబ్బ కొడుతున్నాయి. ఏం చేస్తాన్నవ్ అని సదానందం వచ్చి అడిగితే, ఉండరా, మా తాత చెవుల చెప్తాండు అని కన్నుగీటాడు. ముగ్గురూ నవ్వారు. లోపలికి పోయి పాడాడు.

"పడుగు పోసినవాడు పైనున్నడంట, పేక వేసే చెయ్యి నాదేనంట, ఎడమ నువ్వు కూసో కుడి నేను కూసుంట, నడుమ పడే రంగు మనదేనంట." ఇట్లా మొదలై ఇంకా నాలుగు చరణాలు నడిచింది. కళ్లద్దాల సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అడిగిన మొదటి మాట ఇందిరమ్మకు బాగా గుర్తు. ఇది ఎన్నేళ్ల కిందటి పాటండీ అన్నాడు. మా తాత నేర్పిండు సారూ, ఆయనకు వాళ్ల తాత నేర్పిండట అన్నాడు సారయ్య, నవ్వు పళ్ల కింద ఆపుకుని. అంతే, ఇంక అడ్డూ ఆపూ లేదు.

టీవీలో వచ్చిన రోజు వాడ వాడంతా ఈ ఇంట్లోనే. సదానందం తలకు నూనె రాసుకుని, పౌడరు కొట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఏం చూపించారు? ముందు వేయిస్తంభాల గుడి చూపించారు, కొత్తవాడ వాళ్లం గుళ్లో కాపురం ఉన్నట్టు. తర్వాత పొద్దు గుంకడం. తర్వాత కారే కుండలు. సారయ్య నోరు తెరిచి రెండు చరణాలు పాడాడో లేదో, ఆ నోరు అలా ఆడుతుండగానే ఇంకెవరిదో బరువు గొంతు వచ్చి మీద కూర్చుంది, శతాబ్దాల చరిత్ర, తరతరాల వారసత్వం, అదీ ఇదీ. దాని వెనక ఎవరో వేణువు ఊదారు. పాట ఏమైందో పత్తా లేదు. భోజనానికి పిలిచి, రెండు ముద్దలు తినగానే విస్తరి లాగేసినట్టయింది ఇందిరమ్మకు. పాట అన్నాక మొదలుంటుంది, చివరుంటుంది, పాడేవాడు ఆపిన దగ్గర కదా ఆగాలి, మీకు మాటలు చెప్పాలనిపిస్తే తర్వాత చెప్పుకోండి, ఎవరి నోరు ఎవరు నొక్కుతారు? సదానందం అయితే మొత్తం సినిమాలో మోచేతి దాకానే ఉన్నాడు. పేక దారపు నాడె విసిరే ఒక ఎడమ చేయి, అంతే. ఆ రోజు లేచి వెళ్లిపోయాడు. రెండేళ్లు తిరక్కుండా మగ్గం దిగి సాంచాలు పెట్టుకున్నాడు. బతుకుదెరువు కోసం పెట్టుకున్నాడని అందరూ అంటారు, నిజమే కావచ్చు, కానీ సాంచాలు కొన్నప్పుడు వాటిని ఈ గోడ వైపే ఎందుకు బిగించాడు, అవతలి గోడకు బిగించొచ్చు కదా అని ఇందిరమ్మ అనుమానం. మోచేయి దగ్గర నరికినవాడు సినిమా సారు, పగ మా మీదనా!

పాట మాత్రం ఇల్లు దాటి పోయింది. పెళ్లిళ్లలో జంపఖానా పరిచేటప్పుడు ఆడవాళ్లు పాడటం మొదలుపెట్టారు. బడి పిల్లలు స్టేజీ మీద ఆడారు. ఏదో కాలేజీ ఆయన అది కాకతీయుల నాటిదన్నాడు. ఆ మాట విన్న రోజు, అన్నం తింటూ ఆలుమగలిద్దరూ నవ్విన నవ్వుకు సారయ్యకు పొలమారింది. "మీ తాత కాకతీయుల కాలమోడా?" అని ఆమె, "అవునే, గుర్రమెక్కి మగ్గం నేసెటోడు" అని ఆయన. ఆ నవ్వు వాళ్లిద్దరిదీ. శాలువా కప్పించుకుని ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక నవ్వుకునే నవ్వు. ఇంట్లో ఏం లేకున్నా అదొకటి ఉండేది.

పక్షవాతమొచ్చిన ఆయన్ను దవాఖాన నుంచి తెచ్చాక ఆ నవ్వు పోయింది. చేయి పోయింది, కాలు ఈడుస్తున్నాడు, అది సరే, వాటికి మందులూ మర్దనలూ ఉన్నాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నం గుర్తుండదు. చెల్లెలు వచ్చి ఏడిస్తే ఎవరీమె అన్నాడు. పాట మాత్రం పోలేదు, సాయంత్రమయ్యేసరికి గోడకు ఆనుకుని మొదటి నుంచి చివరి దాకా పాడుకుంటాడు. ఒకరోజు ఆయన మనసు తేలిక చేద్దామని పాత పరాచికమే ఆడింది, ఏమయ్యా, మీ తాత గుర్రమెక్కి నేర్పిండా ఈ పాట అంది. ఆయన నవ్వలేదు. ఎంతో శ్రద్ధగా చెప్పడం మొదలుపెట్టాడు. వాన పడుతుండెనట, తాత తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని, గొంగడి కప్పి, చెయ్యి పట్టి దెబ్బ నేర్పుతూ పాడిండట. ఇందిరమ్మకు నవ్వొచ్చి, అబద్ధాల పుట్టా అంది. అంతే, చంటిపిల్లాడిలా బోరుమన్నాడు. చచ్చిపోయిన మా తాతను అంత మాటంటవా అని రెండు రోజులు ఆమె చేతి ముద్ద తినలేదు. ఇంక ఆమె ఎన్నడూ నవ్వలేదు. ఇప్పుడు ఆయనకున్న చుట్టం ఆ తాత ఒక్కడే. కట్టుకున్న పెళ్లాన్ని ఒక్కోరోజు పక్కింటామె అనుకుంటాడు గానీ, ఆ గొంగడి, ఆ వాన, ఆ తాత మాత్రం చెక్కుచెదరవు. ఇదిగో ఈ సుహాసిని, చక్కగా జడ వేసుకున్న ఈ చదువుకున్న పిల్ల, తన సినిమాలో ఇదంతా అబద్ధమని తేల్చిందనుకో. జీపు సినిమా కోసం కట్టిన పాట, తాత లేడు, వారసత్వం లేదు అని చూపించిందనుకో. ఫోన్లలో చూస్తారు వాడలో అందరూ. సారయ్య దొంగపాటగాడు అంటారు. ఎవరో ఒకరు ఆ ఫోను తెచ్చి ఆయన మొహం ముందే పెడతారు, పెట్టకుండా ఉంటారా, మంచోళ్లే పెడతారు ముందు. అప్పుడు ఆ తాత కూడా చచ్చిపోతాడు. అప్పుడీ మనిషి ఎవరిని పట్టుకుని బతకాలి?

అందుకే ఇందిరమ్మ పోయినవారం ఈ పిల్ల ఒంటరిగా వచ్చినప్పుడే కాచుకుని కూర్చుంది. అయినా దెబ్బ తింది. ఈ పిల్ల దగ్గర ఒక విద్య ఉంది. ప్రశ్న అడుగుతుంది, జవాబు చెప్పాక కూడా ఊరుకుంటుంది. సరే అనదు, ఆహా అనదు, ఇంకో ప్రశ్న వేయదు. నీ వంకే మెత్తగా చూస్తూ ఉంటుంది. ఆ ఊరుకోవడం భరించలేక మనమే ఇంకో మాట వదులుతాం. అట్లాగే వదిలింది ఇందిరమ్మ. మగ్గం మీద ఎప్పుడు పాడుతరమ్మా అంటే, పొద్దుగాల పాడుతరు అని చెప్పి ఆగిందా, ఆగలేదు, ఈ పిల్ల ఊరుకునేసరికి, మగ్గం మీద పాడితే దెబ్బ సడలుతది బిడ్డా, మా మామ తండ్రి కొట్టెటోడు అనేసింది. అని నాలుక కరుచుకుంది. సుహాసిని తల ఊపింది, అంతే. ఆ తల ఊపడంలో ఎంత ఉందో ఇందిరమ్మకు అర్థమైంది. పాడితే కొట్టే తాత పాట ఎట్లా నేర్పుతాడు, ఆ మాత్రం లెక్క చదువుకున్న పిల్లకు తట్టదా? పాత సినిమా చూసినవా బిడ్డా అని అడిగితే, "చూసినమ్మా. అందుల పాట మొత్తం లేదు గదా. మొత్తం వినాలనే వచ్చిన" అంది. మొత్తం వినడానికట! పాట వినడానికి కెమెరాలు, డబ్బీలు, తీగలు మోసుకుని ఎవరైనా వస్తారా? అట్లా చెప్పేవాళ్లనే నమ్మకూడదు. ఆ ప్రశాంత్‌నైతే అసలే నమ్మకూడదు. గాజులు తీయమంటావా బాబూ, చప్పుడవుతాయి అంటే, ఉండనియ్యమ్మా, మీ గాజుల చప్పుడు మంచిగుంది అన్నాడు. గాజుల చప్పుడు కూడా వింటున్నాడంటే ఇంకేమేం వింటున్నాడో! పైగా పాటగాడు. పాత పాటేదో, కొత్త పాటేదో పాడేవాళ్లకు తెలిసిపోతుంది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. అన్నాల వేళ దగ్గర పడుతోంది, సాంచాలు ఆగుతాయి, పాట అవుతుంది, ఆ తర్వాత ప్రశ్నలు, ఆ తర్వాత ఊరుకోవడం. సుహాసిని కెమెరా వెనక వంగి ఏదో తిప్పుకుంటోంది. ప్రశాంత్ కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇదే అదును అనుకుంది ఇందిరమ్మ. గ్లాసుతో నీళ్లు తీసుకుని సారయ్య దగ్గరికి పోయి, తాగిస్తున్నట్టు వంగి, చెవిలో గుసగుసగా చెప్పింది.

"ఇగో, ఇను. వాళ్లు ఏమడిగినా తాత నేర్పిండు అనే అను. ఒళ్లె కూసోపెట్టుకోని నేర్పిండు అను. సదానందం వచ్చి ఏమన్నా నువ్వు మారకు. నాడు పెరట్ల బండ మీద కూసోని నువ్వు కట్టిన ముచ్చట ఎవ్వలకు ఎరుక గావద్దు."

"బండ మీదనా? బీడీ తాగిన్నా?"

"తాగలే, తాగలే. తాత నేర్పిండు. గంతే."

"డాక్టరు వద్దన్నడు గదనే బీడీ."

"అయ్యో నా రాత" అని మూతి తుడిచి, వెనక్కి తిరిగింది. ప్రశాంత్ కళ్లు తెరిచి ఉన్నాయి. రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆమె చూడగానే చూపు చాప మీదికి దించేశాడు. సుహాసిని చెవిలో కూడా ఒక సన్నటి తీగ ఉంది, అది ఇందిరమ్మ ఇప్పుడే చూసింది.  అప్పుడు కొంగు లోపల గుచ్చిన మైకు తేలులా గుర్తొచ్చింది. ఎవరో చెప్పాల్సిన పని లేకుండా, సదానందం గోడ దాటాల్సిన పని లేకుండా, తన నోటితో తనే, ఆయన గొంతు కోసినట్టు, ఛీ, ఎంత తెలివి తక్కువ ముండవే ఇందిరా!

"ఇన్నరా?" అంది. 

"మైకు ఆన్‌లనే ఉందమ్మా" అంది సుహాసిని మెల్లగా. "మేం చెప్పాలె. చెప్పుడు మర్చిపోయినం. తప్పు మాదే."

"తీసెయ్యి. ఆ మాటలు తీసెయ్యి బిడ్డా."

"మీరు వద్దంటే పెట్టనమ్మా."

"అందరు గట్లనే అంటరు. సదానందం మొత్తం మనిషిని చూపిస్త అన్నరు నాడు." ఇందిరమ్మ మగ్గం గట్టు మీద కూలబడింది. "ఆయనకు ఆ తాత తప్ప ఎవ్వలు యాది లేరు. నేనే ఒకపూట ఉంట, ఒకపూట ఉండ. నీ సిన్మాల ఆ తాతను సంపకు. నీ కాళ్లు మొక్కుత."

సుహాసిని ఊరుకుంది. మళ్లీ అదే ఊరుకోవడం. కానీ ఈసారి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగినట్టున్నాయి, లేకపోతే అదీ ఒక విద్యేనా, సినిమా వాళ్లు కదా, ఎవరికి తెలుసు. ఇంకో మాట అందామని ఇందిరమ్మ నోరు తెరిచింది, అంతలో ఫ్యాను రెక్కలు మందగించి నిలిచిపోయాయి. కరెంటు పోయింది. గోడ అవతల సాంచాలు ఒక్కసారిగా కాదు, ఒకదాని వెనక ఒకటి, దడదడ, దడ, దడ, ఆగిపోయాయి. రోజూ అన్నాలప్పుడు వచ్చే నిశ్శబ్దమే గానీ, ఇందిరమ్మ దాన్ని ఎన్నడూ చెవి పెట్టి వినలేదు. ఎక్కడో వీధి చివర ఉల్లిగడ్డల బండి వాడి మైకు వినపడి, మలుపు తిరిగి అదీ పోయింది. ప్రశాంత్ బొటనవేలు పైకి ఎత్తాడు. ఎవరూ పాడమని చెప్పలేదు. సారయ్యకే తెలిసింది, గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

"పడుగు పోసినవాడు పైనున్నడంట, పేక వేసే చెయ్యి నాదేనంట." ముసలి గొంతు, అంచులు అరిగిన గొంతు, అయినా దెబ్బ తప్పలేదు. "ఎడమ నువ్వు..." అని ఆగాడు. మళ్లీ, "ఎడమ..." అని ఆగాడు. పోయింది. ఇన్నాళ్లూ పోనిది ఇవాళే పోయింది, కెమెరా ముందు పోయింది. జీపు సారైతే కట్ అని అరిచేవాడు, అంగీ విప్పించి మళ్లీ మొదటి నుంచి పాడించేవాడు. సుహాసిని అరవలేదు, కదలలేదు. ఇందిరమ్మే ఆగలేక, అందిద్దామని పెదవి విప్పింది. సారయ్య కుడిచేయి ఎత్తి వద్దన్నాడు. ఆ చేయి మెల్లగా పీట మీద వాలింది. వేళ్లు దెబ్బ కొడుతున్నాయి. పెదవులు ఆడుతున్నాయి. ఒళ్లో పడి ఉన్న ఎడమ చేయి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. పక్కింటామెను చూసిన చూపు కాదది.

"ఎడమ చెయ్యి నాకు నిద్రవోయెనంట, ఎడమ నువ్వే నాకు కావాలెనంట, నడుమ పడే రంగు మనదేనంట."

అక్కడి నుంచి మిగతా చరణాలు తడబడకుండా నడిచాయి. ఇందిరమ్మకు ఒక్కటీ వినపడలేదు. ఈ లోకంలో ఇంతవరకూ లేని మాట ఒకటి ఇప్పుడే, ఈ గదిలో, లుంగీ వేలాడే దండెం కింద పుట్టింది, తన కోసం పుట్టింది, ఆమె ఒళ్లంతా దాన్నే పట్టుకుని కూర్చుంది. ఏ తాత చెప్పాడు ఇది చెవిలో? ఏ కాకతీయులు కట్టారు? ఆమెకు ఉన్నట్టుండి కోపం ముంచుకొచ్చింది, సినిమా వాళ్ల మీద కాదు, సదానందం మీద కాదు, ఆ తాత మీద. కూనిరాగానికే కర్ర ఎత్తిన ముసలాడు వచ్చి, ఈయన కట్టిన పాటను గొంగట్లో చుట్టి ఎత్తుకుపోతుంటే, ఇన్నాళ్లూ తను ఆ దొంగకే తలుపు దగ్గర కాపలా కూర్చుందా! పాట ముగిసింది. సారయ్య ఆపిన దగ్గరే ఆగింది. ప్రశాంత్ హెడ్‌ఫోన్లు తీయలేదు, తల వంచుకున్నాడు. ఇందిరమ్మ పొద్దున్నుంచీ తప్పించుకున్న కెమెరా వైపు నేరుగా తిరిగింది.

"ఇగో బిడ్డా, గిది పెట్టు నీ సిన్మాల. ఈ పాట ఈయన తాతది కాదు. ఎవ్వల తాతదీ కాదు. నేను సూస్తాండంగ ఈయననే కట్టిండు. ఇప్పుడు మల్ల కట్టిండు, మీరూ సూసిర్రు."

అనేశాక భయమేసింది. భర్త మొహం చూసింది. సారయ్య నొసలు ముడుచుకున్నాయి. 

"మా తాత నేర్పలేదా?"

"నేర్పలే. పాడితె కొట్టెటోడు మీ తాత. యాదికి లేదా?"

సారయ్య కుడిచేయి లేచి, తడుముకుంటూ పోయి, మెడ వెనక ఒకచోట ఆగింది. "అవు" అన్నాడు. "గీడ కొట్టెటోడు. మగ్గం పలక తీసుకోని గీడ కొట్టెటోడు." ఏడుస్తాడనుకుంది ఇందిరమ్మ. ఏడవలేదు. మెడ రుద్దుకుంటూ, ఆ దెబ్బ ఇప్పుడే తగిలినట్టు ఓరగా నవ్వాడు. శాలువా తీసేసి తలుపు వేసుకున్నాక నవ్వే ఆ పాత నవ్వు. తర్వాత ఆమె వైపు కొంచెం వంగి, వాళ్లకు వినపడకూడదన్నట్టు అడిగాడు.

"అయితె నాదేనా?"

"నీదే."

"బాగుందా?"

 జీపు సారు, కాలేజీ ఆయన, శాలువాల వాళ్లు, అందరూ ఎన్నేండ్లదని అడిగినవాళ్లే. తనైనా, పక్కన కూర్చుని అంత నవ్విందే గానీ, బాగుందని ఒక్కనాడైనా అన్నదా? బాగుంది అని చెప్పబోయేంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, గోడ అవతల సాంచాలన్నీ ఒక్కపెట్టున దడదడమని అందుకున్నాయి. ప్రశాంత్ హెడ్‌ఫోన్లు తీసేశాడు. ఏమన్నవ్ అన్నట్టు సారయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఇందిరమ్మ లేచి ఆయన దగ్గరికి పోయి, వాడంతా విన్నా సరేనని, ఆ మోతకు మించి అరిచింది.

"బాగుందయ్యా! మస్తు బాగుంది!"